పలావ్ భాషలో ధర అడగడం, కొనడం

పసిఫిక్ ద్వీపదేశం పలావ్‌లోని కోరోర్ పట్టణంలో నేను పలావ్ భాషలో అడిగిన మొదటి పూర్తి ప్రశ్న ఒక పచ్చివక్కల పొట్లం ధర గురించినది. మూడు వారాల పని మీద ఆ ఊరికి వెళ్లే ముందు, ఇంటి దగ్గర కొన్ని నెలలపాటు ఆ భాష వ్యాకరణాన్ని, నిఘంటువును ముందు పెట్టుకుని చదివాను కనుక వాక్యం నాకు బాగానే గుర్తుంది. దుకాణంలో కూర్చున్న పెద్దావిడతో “ఙ్ తెల అ చెరల్?” అన్నాను. ఆమెకు అర్థమైంది, ధర చెప్పారు. ఆ తరువాత ఎంతో ఓర్పుగా తన గొంతు మీద వేలు ఆనించి చూపిస్తూ ఆ చివరి మాటను మళ్లీ పలికారు. ఆమె నోట “చ” అనే శబ్దమే లేదు. గొంతును ఒక్క క్షణం బిగించి విడిచినట్టు, “ఎరల్” అనే మాటకు ముందు చిన్న అడ్డుకట్ట పడినట్టు వినిపించింది. రోమన్ లిపిలో సి, హెచ్ అక్షరాలు పక్కపక్కన రాసి ఉంటే చదివేవాడు “చ” అనుకోవడం సహజం; పలావ్ రాతలో మాత్రం ఆ జంటాక్షరం ఈ గొంతు బిగింపుకు గుర్తు. తెలుగులో దానికి అక్షరం లేదు కనుక ఈ వ్యాసంలో ఒక చిన్న గీతతో, ’ఎరల్ అని, చూపిస్తాను. ఆ గీత కనబడిన ప్రతిచోటా గొంతు ఒక్కసారి బిగించి వదలండి.

ఈ భాష గురించి తెలుగులో రాసినవారు నాకు కనబడలేదు. ఇంగ్లీషులో దొరికే యాత్రికుల జాబితాల్లో “ఇది ఎంత”, “ఖరీదెక్కువ”, “ధన్యవాదాలు” అనే మూడు నాలుగు వాక్యాలు ఉంటాయి; వాటిని అప్పజెప్పి బయటపడవచ్చు. కానీ కొనుగోలుకు సంబంధించిన ఆ కొద్ది మాటలనే పట్టుకుని లోపలికి వెళితే, ఆ సమాజం డబ్బును, వస్తువును, బంధువును ఎలా చూస్తుందో కనబడుతుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ లోపలి సంగతే కనుక దాని గురించే కొంత వివరంగా రాస్తున్నాను.

పలావ్ పశ్చిమ పసిఫిక్‌లో, ఫిలిప్పీన్స్‌కు తూర్పున ఉన్న చిన్న ద్వీపదేశం. జనాభా సుమారు 18 వేలు. అక్కడివారు తమ దేశాన్ని బెలౌ అంటారు, తమ భాషను “తెకోయి ఎర్ అ బెలౌ”, అంటే బెలౌ మాట అంటారు. 19వ శతాబ్దం చివర స్పెయిన్, 1899 నుంచి జర్మనీ, 1914 నుంచి జపాన్, రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా ఆ దీవులను పాలించాయి. 1994 అక్టోబరు 1న అది స్వతంత్ర దేశమైంది. చెలామణిలో ఉన్నది అమెరికా డాలరు. ఇంగ్లీషు కూడా అధికార భాషే, పైగా చాలా దుకాణాల్లో పనిచేసేవారు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవారు, కనుక అక్కడ సరుకులు కొనడానికి పలావ్ భాష రావలసిన అవసరమే లేదు. అవసరం లేని చోట ఒక భాషలో ధర అడిగితే, అడిగిన మనిషి వైపు అవతలివారు చూసే చూపు మారుతుంది. ఆ పెద్దావిడ నా ఉచ్చారణ దిద్దడానికి సమయం తీసుకున్నది అందుకేనని నేను నమ్ముతున్నాను.

ఇక ఆ ప్రశ్న సంగతి. “ఙ్ తెల అ ’ఎరల్?” మొదటి శబ్దం మన వర్ణమాలలో కవర్గం చివర ఉండే ఙ. చిన్నప్పుడు పలక మీద దిద్ది, ఆ తరువాత జీవితమంతా ఒక్క మాటకు కూడా మొదట్లో వాడకుండా వదిలేసిన అక్షరం అది. పలావ్ భాషలో మాత్రం సగం వాక్యాలు దానితోనే మొదలవుతాయి. “అది” అనే అర్థంలో వచ్చే చిన్న సర్వనామం అది. అచ్చు లేకుండా, ముక్కులోంచి వచ్చే ఒక్క హల్లుగా పలుకుతుంది. చేపను “ఙికెల్” అంటారు, నేను అనడానికి “ఙక్” అంటారు. తెలుగువాడికి అక్షరమైనా ముందే తెలిసి ఉండటం ఒక సదుపాయం. దీనికి భిన్నంగా, ఆ భాష సొంత మాటల్లో నకారం లేదు. బయటి నుంచి వచ్చిన మాటల చివర నకారం ఉంటే అది సాధారణంగా ఙకారంగా మారిపోతుంది. జపాన్ భాషలో పుస్తకానికి ఉన్న “హోన్” అనే మాట అక్కడ “హొఙ్” అయింది.

“తెల” అంటే ఎంత, ఎన్ని. అదే మాటతో గడియారం సమయం కూడా అడుగుతారు: “ఙ్ తెల క్లోక్?” మనం “టైమెంత?” అన్నట్టే. ఇక్కడ తెలుగువారికి నేర్చుకోవలసింది ఏమీ లేదు, మన అలవాటు యథాతథంగా సరిపోతుంది.

అసలు విషయం మూడో మాటలో ఉంది. ధర అనే నామవాచకం మూలరూపం “’ఆర్”. కానీ దుకాణంలో ఎవరూ ఆ మూలరూపాన్ని వాడరు. “’ఎరల్” అంటారు, అంటే “దాని ధర”. చివర ఉన్న “అల్” అనే ప్రత్యయం “దాని”, “అతని”, “ఆమె” అనే అర్థాన్ని ఇస్తుంది. చేతిని “’ఇమ్” అంటారు. నా చేయి “’ఇమక్”, అతని చేయి “’ఇమల్”. ధరకు, చేతికి ఒకే ప్రత్యయం. అయితే ఆ భాషలో అన్ని వస్తువులకూ ఈ ప్రత్యయాలు తగలవు. పుస్తకం నాది అనాలంటే “హొఙ్ ఎర్ ఙక్” అని, మధ్యలో ఒక సంబంధపదం పెట్టి, విడిగా చెప్పాలి. ముఖ్యంగా పరభాషల నుంచి వచ్చిన మాటలన్నీ ఇలాగే నడుస్తాయి. చేయి మనిషికి అతుక్కుని ఉన్నట్టు ధర వస్తువుకు అతుక్కుని ఉంటుంది, పుస్తకం మాత్రం మనిషికి పక్కన నిలబడి ఉంటుంది. నేను వ్యాకరణం చదువుతున్నప్పుడు ఈ సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన భాషలో “నా చేయి”, “నా పుస్తకం”, “దాని ధర” మూడింటికీ నిర్మాణంలో తేడా లేదు కనుక, ఏది మనలో భాగం, ఏది మన దగ్గర ఉన్నది అనే ఆలోచన వ్యాకరణం దాకా రాదు. పలావ్ భాషలో నోరు తెరిచిన ప్రతిసారీ ఆ తేడా చెప్పక తప్పదు. డబ్బుకు కూడా దగ్గరితనం చూపే ప్రత్యయమే వస్తుంది: డబ్బు “ఉదౌద్”, నా డబ్బు “ఉదుదెక్”. “ఙ్ దియాక్ అ ఉదుదెక్” అంటే నా దగ్గర డబ్బు లేదు. మాటకు మాట చెప్పాలంటే “నా డబ్బు లేదు”.

ధర ఎక్కువగా ఉందనడానికి వాళ్లు “మెరిఙెల్ అ ’ఎరల్” అంటారు. మెరిఙెల్ అంటే నొప్పిగా ఉన్నది, కష్టమైనది. తలనొప్పిగా ఉందని చెప్పడానికీ ఇదే మాట: “ఙ్ మెరిఙెల్ అ బ్దెలుక్”, నా తల నొప్పిగా ఉంది. అంటే ఖరీదైన వస్తువుకు ధర నొప్పిగా ఉంటుంది. చవకగా ఉన్నదాన్ని “బెఓత్ అ ’ఎరల్” అంటారు. బెఓత్ అంటే సులువైనది, తేలికైనది. తెలుగులో ధర మండుతుంది, ఆకాశాన్ని అంటుతుంది, చుక్కలు చూపిస్తుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెతలో కూడా నిప్పే ఉంది. మన ఉపమానాలు ధరను కొనేవాడి ఎదుట ఎక్కడో ఎత్తున, దూరాన నిలబెడతాయి. వాళ్ల మాట దాన్ని ఒంట్లో నొప్పిగా, చేసే పనిలో కష్టంగా చెబుతుంది. ఇందులో ఒకటి గొప్ప, ఇంకొకటి తక్కువ అని నేను అనడం లేదు. కానీ “మెరిఙెల్” అనే మాట నేర్చుకున్న తరువాత, టిన్ను డబ్బాల అరల ముందు నిలబడి, ఓడల మీద అంత దూరం నుంచి వచ్చిన సరుకుల చీటీలు చదువుతుంటే ఆ మాట ఎంత సరైనదో నాకు బోధపడింది.

కొనడం అనే క్రియ “మె’ఎరర్”. అమ్మడం “ఒల్తెరౌ”. మనకు కొను, అమ్ము అనే రెండు ధాతువులు ఉన్నట్టే వాళ్లకూ రెండు వేరువేరు మాటలు ఉన్నాయి. కొన్నాను అనడానికి క్రియ లోపల “ఇల్” చేరి “మిలె’ఎరర్” అవుతుంది. భూతకాలం మాట చివర చేరడం మనకు అలవాటు. మాట నడుమ దూరి కూర్చోవడం కొత్తగా అనిపిస్తుంది, కానీ పది వాక్యాలు చెప్పుకుంటే చెవికి పట్టుబడుతుంది.

ఈ క్రియ తరువాత వచ్చే కర్మ విషయంలో తెలుగువారికి ఒక దగ్గరి దారి ఉంది, దానిని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు కనుక ఇక్కడ కాస్త నింపాదిగా చెబుతాను. “అక్ మిలె’ఎరర్ అ ఙికెల్” అంటే (ఇక్కడ “అక్” కూడా నేను అనే మాటే) చేపలు కొన్నాను. ఏ చేపలో, ఎన్నో చెప్పే ఉద్దేశం లేదు. “అక్ మిలె’ఎరర్ ఎర్ అ ఙికెల్” అంటే ఆ చేపను, మనం అనుకున్న ఫలానా చేపను కొన్నాను. మధ్యలో చేరిన “ఎర్” అనే చిన్నమాటే తేడా. ఇంగ్లీషు వ్యాకరణం చదివినవారు దీన్ని ఆర్టికల్‌తో పోల్చి తికమక పడతారు. తెలుగువాడు ఆ తికమక పడనక్కరలేదు. “చేప కొన్నాను” అన్నదానికీ, “చేపను కొన్నాను” అన్నదానికీ మధ్య మనకు వినిపించే తేడా దాదాపు అదే. ప్రాణం లేని వస్తువుల విషయంలో ద్వితీయా విభక్తిని మనం తీసేస్తాం, ప్రత్యేకంగా ఒకదాన్ని వేలుపెట్టి చూపించేటప్పుడు చేరుస్తాం; మనుషుల విషయంలో మాత్రం అది తప్పనిసరి, “అమ్మ చూశాను” అనము, “అమ్మను చూశాను” అనే అంటాము. పలావ్ భాషలో కూడా ఫలానా మనిషి కర్మ అయితే “ఎర్” రాక తప్పదు. పసిఫిక్ భాషకూ ద్రావిడ భాషకూ చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరూ వేరువేరు దారుల్లో నడిచి ఒకే మలుపు దగ్గరికి వచ్చారంతే. ఈ పోలిక తోచిన రోజు నాకు ఆ భాష మొదటిసారిగా పరాయిదిగా అనిపించలేదు.

కావాలి అనడానికి వాళ్లు క్రియ వాడరు, “ఇష్టం” అనే అర్థమున్న నామవాచకానికి పైన చెప్పిన ప్రత్యయాలే చేర్చి వాడతారు. “ఙ్ సోఅక్ అ ఙికెల్”, నాకు చేప కావాలి, “ఙ్ సోఅమ్ అ కొహి?”, మీకు కాఫీ కావాలా? “ఙ్ సోఅక్ ఎల్ మె’ఎరర్” అంటే కొనాలని ఉంది. మనం కూడా “నేను కావాలి” అనకుండా “నాకు కావాలి” అంటాం, కోరికను చేసే పనిగా కాక మనకు కలిగే స్థితిగా చెబుతాం. ఆ భాషలో అది “నా ఇష్టం చేప” అన్న తీరులో ఉంటుంది. దుకాణంలో ఒక వస్తువు ఉందో లేదో తెలుసుకోవడానికి “ఙ్ ఙర్ ఎర్ ఙీ అ ఙికెల్?” అని అడుగుతారు. ఉంటే “’ఓయ్” అంటారు, లేకపోతే “ఙ్ దియాక్”. ఈ చివరి మాట మూడు వారాల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా విన్నాను, ఎందుకంటే సరుకుల ఓడ రావలసిన రోజుకు ముందు అరలు ఖాళీగా ఉండటం చిన్న దీవుల్లో మామూలు సంగతి.

లెక్క దగ్గరికి వచ్చేసరికి తెలుగువారికి మరొక ఆత్మీయమైన ఆశ్చర్యం ఉంది. మనం ఇద్దరు మనుషులు అంటాం, రెండు పుస్తకాలు అంటాం. ముగ్గురు అన్నచోట మూడు అంటే వినేవాడి చెవి కలుక్కుమంటుంది. పలావ్ భాషలోనూ అంతే. ఇద్దరు మనుషులు “తెరుఙ్ ఎల్ ’ఆద్”, రెండు పుస్తకాలు “తెబ్లొఙ్ ఎల్ హొఙ్”. ముగ్గురు “తెదెయ్”, మూడు వస్తువులు “క్ల్దెయ్”. మనకంటే ఒక అడుగు ముందుకు వేసి వాళ్లు కాలానికి కూడా వేరే వరస పెట్టుకున్నారు: మూడు నెలలంటే “ఎదెయ్ ఎల్ బుయిల్”. పూర్వం అరటిగెలలకు, పొడవాటి వస్తువులకు, చివరికి తెప్పలకు కూడా వేరువేరు అంకెలు ఉండేవి. వాటిలో కొన్ని ఇప్పుడు వాడుకలో లేవు. ఏది ఎక్కువగా చేతులు మారుతుందో దానికి భాష ప్రత్యేకంగా లెక్క పెట్టుకుంటుంది కదా, అరటిగెలలకు సొంత అంకెలున్నాయంటే ఆ తోటల్లో, ఆ విందుల్లో గెలలు ఎంతగా ఇచ్చిపుచ్చుకునేవారో ఊహించవచ్చు. రెండు వస్తువులు అడగవలసిన చోట నేను ఒకసారి మనుషుల అంకె వాడాను. ఎదుటివారికి ఏమి వినబడి ఉంటుందో తెలుగు మాట్లాడేవాడిగా నాకు వెంటనే అర్థమైంది, “ఇద్దరు సబ్బులు ఇవ్వండి” అన్నట్టు.

దుకాణాన్ని “స్తోఅఙ్” అంటారు, అది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. అందులో దొరికే సరుకుల పేర్లు మాత్రం ఆ దీవుల పాలకుల చరిత్రను చెబుతాయి. బీరును “బియఙ్” అంటారు, అది జర్మన్ల మాట. కాఫీ “కొహి”, పుస్తకం “హొఙ్”, మధ్యాహ్నం డబ్బాలో కట్టి అమ్మే అన్నం “బెంతో”, తీపి పప్పుముద్ద పెట్టి నూనెలో వేయించిన రొట్టె “అబ్రబఙ్”, ఉండలుగా వేయించినది “తమ” – ఇవన్నీ జపాన్ మూడు దశాబ్దాల పాలన వదిలి వెళ్లినవి. పని తరువాత అలసట తీర్చుకుందామని బీరు తాగడానికి “త్స్కరెనౌస్” అనే క్రియ ఉంది. జపాన్ మాటల్లో అలసటను బాగుచేయడం అని దాని పుట్టుక. కానీ నేలలో పండేవీ, నీటిలో దొరికేవీ సొంత పేర్లతోనే ఉన్నాయి: చేమగడ్డ “కుకౌ”, కొబ్బరి “లియుస్”, చేప “ఙికెల్”. మనకు అన్నం, కూర ఉన్నట్టే వాళ్లకు “ఒఙ్రావొల్”, “ఒదోయిమ్” ఉన్నాయి. మొదటిది దుంపల వంటి కడుపు నింపే తిండి, రెండోది దానితో కలిపి తినే చేప, మాంసం. సంప్రదాయంగా చేమ మడులు స్త్రీల పని, చేపల వేట పురుషుల పని. కూరకు ఏమైనా ఉందా అని ఇక్కడ మనం అడిగే అర్థంలో అక్కడ ఒదోయిమ్ మాట వినిపిస్తుంది.

నేను కొన్న పొట్లం సంగతి కూడా చెప్పాలి. పచ్చివక్కను వాళ్లు “బూ’” అంటారు, తమలపాకు జాతి ఆకును “కెబుయి”, సున్నాన్ని “’ఆవుస్”. పగడపు రాయిని కాల్చి ఆ సున్నం చేస్తారు. మూడు దినుసులూ మన తాంబూలంలోవే. మన పెద్దలు తాంబూలం ఇచ్చి పుచ్చుకోవడంతో సంబంధం ఖాయం చేసుకున్నట్టు, అక్కడ వచ్చినవారి ముందు వక్కల సంచి పెట్టడం మర్యాద. నేను నమలలేదు, కానీ వాటి పేర్లు మూడూ వరసగా పలికినప్పుడు ఆ పెద్దావిడ ముఖం విప్పారింది.

ఇప్పుడు మళ్లీ “ఉదౌద్” దగ్గరికి రావాలి. పర్సులోని డాలరు నోట్లను ఉదౌద్ అంటారు. కానీ ఆ మాట అంతకు చాలా ముందు నుంచి మరొక డబ్బుకు పేరు, ఆ డబ్బు ఇప్పటికీ ఉంది. గాజుతో, కాల్చిన మట్టితో చేసిన పూసలు, వంపు తిరిగిన చిన్న కడ్డీలు అవి. అవి పలావ్‌లో తయారైనవి కావు. ఎప్పుడో సముద్రం మీదుగా వచ్చినవి. కొత్తగా వచ్చేవి లేవు, ఉన్నవే తరతరాలుగా కుటుంబాల మధ్య తిరుగుతుంటాయి. వాటిలో బ’ఎల్, క్లుక్, క్ల్దయిత్ వంటి తరగతులు ఉన్నాయి. చాలా విలువైన పూసలకు మనుషులకు ఉన్నట్టు సొంత పేర్లు, అవి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో చెప్పే చరిత్రలు ఉన్నాయి. స్త్రీలు ఒక్కొక్క పూసను దారానికి గుచ్చి మెడలో వేసుకుంటారు. తొలిసారి చూసినప్పుడు నాకు మన అమ్మమ్మల కాసులపేరు గుర్తుకువచ్చింది: కాసు నాణెం పేరు, అది మెడలోకి ఎక్కి నగ అయింది, అవసరం వస్తే మళ్లీ సొమ్ము అయింది. స్త్రీల మధ్య చెలామణి అయ్యే మరొక సంపద “తొలుక్”, తాబేటి చిప్పను మలిచి చేసిన పళ్లెం. యాప్ దీవివారి పెద్ద రాతిచక్రాల డబ్బు గురించి చాలామంది వినే ఉంటారు. ఆ రాళ్లను వాళ్లు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వచ్చి తొలిచి తీసుకువెళ్లింది పలావ్ సున్నపురాతి దీవుల నుంచే. అది యాప్ వారి డబ్బు కనుక దాని కథ ఇంతటితో ఆపుతాను.

పూసల ఉదౌద్‌తో దుకాణంలో సబ్బు కొనరు. అది పెళ్లికి, తొలి కాన్పు వేడుకకు, చావుకు, ఇంటికి సంబంధించిన బాధ్యతలు తీర్చడానికి. ఇక్కడే కొనుగోలు మాటల్లో నాకు అత్యంత ప్రియమైన మాట వస్తుంది: “ఒ’ఎరావొల్”. మె’ఎరర్ అనే క్రియను దగ్గర పెట్టుకుని ఈ మాటను పలికి చూస్తే రెండింటి నడుమ ఉన్న ఒకే వేరు వినిపిస్తుంది. కొనడం కోసం జరిపేది అని దాన్ని విడదీసి చెప్పుకోవచ్చు. ఒక కుటుంబం ఇల్లు కట్టుకున్నప్పుడు దాని ఖర్చు తీర్చడానికి బంధువులంతా ఒకచోట చేరి, వండిన తిండితో, డబ్బుతో జరిపే వేడుక అది. పలావ్ సమాజంలో వంశం తల్లి వైపు నుంచి లెక్కిస్తారు, కనుక ఇంటి యజమాని అక్కచెల్లెళ్లు, వారి వైపు నుంచి వారి భర్తలు తెచ్చే సొమ్ముకు అందులో పెద్ద స్థానం ఉంది. ఎవరు ఎంత తెచ్చారో లెక్క రాసి పెట్టుకుంటారు, ఎందుకంటే రేపు వారి ఇంట అదే అవసరం వచ్చినప్పుడు ఇది తిరిగి వెళ్లాలి. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకం చూసినవారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఫలానా మామయ్య ఫలానా ఏడు నూటపదహార్లు చదివించాడు అని పదేళ్ల తరువాత ఆ పుస్తకం తీసి చూసే ఇళ్లు నాకు తెలుసు. అయితే మన చదివింపులు పెళ్లికూతురికి, పెళ్లికొడుకుకు కానుక అనే మాట కింద జరుగుతాయి. పలావ్ భాష అలా అనదు. ఇంటిని ఒక్కడు కొనలేడు, బంధువులందరూ కలిసి కొంటారు అనే భావాన్ని కొనడం అనే క్రియలోంచే పుట్టించి వేడుకకు పేరు పెట్టింది. ఇటువంటి ఆచార బాధ్యతలన్నిటినీ కలిపి వాళ్లు “సియుకఙ్” అంటారు; ఆశ్చర్యంగా ఆ మాట ఆచారం అనే అర్థమున్న జపాన్ మాట.

ఈ బాధ్యతలు జీతాల మీద బతికే కుటుంబాలకు బరువుగా మారాయనే మాట అక్కడ నాకు వినిపించింది. నోట్ల డబ్బు వచ్చాక మొత్తాలు పెరుగుతాయి, నెలాఖరుకు ఒక ఇల్లు, తరువాతి నెల ఒక చావు, వాటికి ఇవ్వలేకపోతే మాట పడాలి. మన ఊళ్లలోనూ చదివింపుల కోసం అప్పు చేసేవారిని చూసిన నేను దీన్ని దూరం నుంచి మెచ్చుకుని వదిలేయలేను. మెరిఙెల్ అనే మాట సరిగ్గా ఇక్కడ కూడా వర్తిస్తుంది. అయినా, చేతిలో సొమ్ము లేని యువ దంపతులకు తలదాచుకునే ఇల్లు దక్కే దారి చాలామందికి అదేనన్న సంగతి కూడా నిజం, నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే న్యాయమనుకుంటాను.

తిరిగి వచ్చే ముందురోజు ఆ దుకాణానికి మళ్లీ వెళ్లాను. “ఉఙిల్ తుతౌ” అని పలకరించి, ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, గొంతు బిగించి వదిలి, “ఙ్ తెల అ ’ఎరల్ తియా ఎల్ హొఙ్?” అన్నాను. ఈసారి ఆమె గొంతు మీద వేలు పెట్టలేదు, ధర చెప్పారు. డబ్బిచ్చి “కె క్మల్ మెసులఙ్” అన్నాక, మీ భాషలో ’ఎరల్‌ను ఏమంటారని ఆమె ఇంగ్లీషులో అడిగారు. ధర అన్నాను. ఆమె ధకారంలోని ఒత్తు వదిలేసి రెండుసార్లు “దర, దర” అని పలికి చూసుకున్నారు. తరువాత నా చేతిలోని పుస్తకం వైపు చూపిస్తూ, బయటి నుంచి వచ్చిన మాటకు తమ భాష ఇచ్చే మర్యాదనే నా మాటకూ ఇచ్చి, ప్రత్యయం అతికించకుండా, “దర ఎర్ ఙీ”, దాని దర, అన్నారు.